ఎవులికైనా కాదా?

మొన్న ఆదివారం విజయనగరంలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో లిఫ్టు గురించి మీటింగు పెట్టారు. పాతదాన్ని బాగుచేయించాలా, కొత్తది వేయించాలా అన్నది సంగతి. అసోసియేషన్ అధ్యక్షుడు బ్యాంకులో పనిచేసి రిటైరైనాయన. "కొత్తది కావాలన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. ఎత్తారు. "వద్దన్నవాళ్ళు" అన్నాడు. కొందరు ఎత్తారు. ఆపైన కుర్చీలు మడతపెట్టేసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. కింది అంతస్తులో ఉండే ముసలావిడ ఒక్కతే "నాకు లిఫ్టుతో పనేటమ్మా" అని గొణుక్కుంటూ మిగిలింది. నా చెయ్యి రెండుసార్లూ లేవలేదు. "టీచరుగారు న్యూట్రల్" అని ఎవరో నవ్వారు.

న్యూట్రలూ కాదు, పాడూ కాదు. నాకు ఆ అలవాటు తప్పిపోయింది. శ్రీకాకుళం దగ్గర ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక మనిషి నన్నే కాదు, ఎవరినీ చెయ్యెత్తనివ్వలేదు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంతాపసభ జరగలేదు. జరపాల్సిన సంఘం ఆయనకంటే ముందే పోయింది.

ఎచ్చెర్ల దాటాక వచ్చే చిన్న టౌను అది. పేరు చెప్పను. చెబితే ఇంకా బతికున్న మావాళ్ళు ఆ సంగతి అలా కాదు, ఇలా అని దెబ్బలాటకొస్తారు. అక్కడ బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఊళ్ళో ఒక కళాసమితి ఉండేది. నాటకాల్లో ఆడవేషాలకు ఆడవాళ్ళు దొరక్క నన్ను సభ్యురాలిని చేశారు. వేషాలు మానేసిన తర్వాత కూడా పోనీలే అని కార్యవర్గంలో ఉంచారు. ఆ సమితికి ఈయన అధ్యక్షుడు.

ఆయనకు ఏ కళా రాదు. పాడలేడు, ఆడలేడు, వేషం కట్టలేడు, తాళం వేస్తే అది ఒకచోట, పాట ఇంకోచోట. బజారులో ఎండుచేపల కొట్టు. సమితిలో రెండు జట్లుండేవి. పద్యనాటకాలవాళ్ళు ఒక జట్టు. తప్పెటగుళ్ళవాళ్ళు, అంటే గుండెల మీద రేకు వాయిద్యాలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో గెంతుతూ పాడేవాళ్ళు, రెండో జట్టు. వీళ్ళ మనిషి అధ్యక్షుడైతే వాళ్ళు రారు, వాళ్ళ మనిషైతే వీళ్ళు రారు. పిల్లీ పిల్లీ కొట్టుకుని రొట్టె ఈయన చేతిలో పెట్టారు. కోతి కథలో లాగా ఈయన తినలేదు, అదొక్కటే తేడా.

"నాకేటీ రాదు. అందుకే నన్నేసినారు" అని కొత్తవాళ్ళెవరొచ్చినా ముందే చెప్పేసేవాడు. ఎండుచేపలమ్మే మనిషి కళలకు పెద్దేమిటని మొదట్లో కొందరు ముక్కు మూసుకున్నారు కూడా. ఆ మాట ఆయన చెవిన పడితే, "మూసుకోనీండి. ఇప్పినప్పుడు అలవాటైపోతాది" అన్నాడట.

ప్రదర్శన జరిగేటప్పుడు ఆయన వేదిక పక్కన, జనం వైపు తిరిగి కూర్చునేవాడు. ఆట ఎటు జరుగుతోందో ఆ వైపు వీపు పెట్టేవాడు. ఒకసారి అడిగాను, ఇదేం చోద్యమండీ అని.

"ఆట మీరందరూ సూస్తారు కదమ్మా. నాను సూసీవోళ్ళని సూస్తాను. ముసిల్ది నవ్వినాదనుకో, ఆట బాగున్నాది. పిల్లగుంటలు లేసి పోతన్నారనుకో, బాగోనేదు. నాకు అంతకంటే ఎలగ తెలస్తాది?"

శాలువా కప్పితే మెడ మీద అర నిమిషం ఉండనిచ్చేవాడు కాదు. తీసి, నాలుగు మడతలు పెట్టి, పక్కనున్న హార్మోనియం మీద కప్పేసేవాడు. "దానికి సలేస్తాది" అనేవాడు.

ఆయన మీటింగు నడిపే తీరు నేను ఇంకెక్కడా చూడలేదు. కుర్చీలో కూర్చోడు. చాప మీద ఒక చివర బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. విషయం ఏదైనా సరే, చర్చంతా అయ్యాక "అందరికీ సమ్మతమేనా" అని అడగడు. "ఎవులికైనా కాదా?" అంటాడు. అని ఊరుకోడు. ఒక్కొక్కరి మొహం మీదా చూపు ఆపి, అక్కడ కాసేపు ఉండి, పక్క మొహం మీదికి వెళతాడు. టీ తెచ్చినతన్ని కూడా వదలడు. ఆ చూపు ముందు మనసులో ఏ మూల ఉన్న 'కాదు' అయినా బయటపడి తీరేది. ఒక్కరు "నాకు కాదు" అన్నారా, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. మీటింగు ఆగిపోయినట్టే. ఓటు లేదు, చేతులెత్తడం లేదు. ఎందుకు కాదని అడగడం అసలే లేదు.

ఎందుకిలా అని నేను చాలాసార్లు పోట్లాడాను. ఒకరోజు కొట్లో కూర్చోబెట్టి చెప్పాడు. వాళ్ళది సముద్రం ఒడ్డు పల్లె. తండ్రీ, చిన్నాన్నలూ వేటకెళ్ళేవాళ్ళు.

"మా ఊళ్ళో పడవ దించీ ముందు తండేలు, అదే పడవకి పెద్ద, అడుగుతాడమ్మా, ఎవులికైనా కాదా అని. ఎక్కీవోళ్ళలో ఒక్కడు కాదన్నాడనుకో, పడవ దిగదు. తండేలైనా సరే, ఎందుకురా అని అడగకూడదు. అందరూ ఇసకలో కూసుంటారు. పెళ్ళాంతో తగువాడొచ్చినాడో, కలొచ్చినాదో, కడుపులో బాగోనేదో, మనకేల? కాసేపటికి ఆడే లేసి పదండ్రా అంటాడు. అన్నేదా, ఆ దినం ఏట నేదు."

"కారణం అడిగితే ఏమవుతుంది?"

"కారణం సెప్పీసినోడు దానికి కట్టుబడిపోతాడు. రేపు మనసు మారినా మారనని కూసుంటాడు, నామోసీ కదా. సెప్పనోడు రేపు మారొచ్చు. మనిసికి ఆ దారి ఒగ్గీయాల."

"మరి ఎలా ఒప్పిస్తారండీ?"

"ఒప్పించడమేటి? ఒప్పీదాకా కూసోడమే."

నిజంగానే కూర్చునేవాడు. కాదన్నవాడి ఇంటికి పొద్దున్నే వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు. ఆ విషయం ఎత్తేవాడు కాదు. వాళ్ళ గేదె గురించీ, మనవడి చదువు గురించీ మాట్లాడి, ఇచ్చిన టీ తాగి, లేచి కొట్టుకు పోయేవాడు. మర్నాడు మళ్ళీ. చివరికి ఆ ఇంటి ఆడవాళ్ళే విసుగెత్తి, "పెద్దాయన్ని ఎందుకు తిప్పుతావు, ఒప్పీసుకోరాదా" అని మొగుళ్ళ మీద పడేవాళ్ళు.

ఇలా అయితే పనులు అవుతాయా? అవవు. మా వార్షికోత్సవం ఏ నెలలో జరుగుతుందో దేవుడిక్కూడా తెలిసేది కాదు. రథసప్తమికి అరసవల్లిలో ఆడాలని మొదలుపెట్టిన చర్చ తేలేసరికి మామిడిపళ్ళు వచ్చేశాయి. వేదికకు కొత్త తెర కొనాలనుకున్నప్పుడు ఎరుపా నీలమా అన్న తగువు రెండేళ్ళు నడిచింది. ఆ రెండేళ్ళూ ఆయన కొట్లో చేపలు కప్పే టార్పాలిన్ని తెరగా కట్టుకున్నాం. ఒక నాటకంలో నేను చనిపోయిన భర్త పక్కన కూలబడి ఏడవాలి. తెర దగ్గరగా కూలబడ్డాను. ఆ చేపల నీచు వాసనకు ఏడుపు మానేసి తుమ్మాను. శవం కూడా తుమ్మింది. ఆరోజు ముసలివాళ్ళందరూ నవ్వారని ఆయన మహా సంతోషపడ్డాడు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. చుట్టుపక్కల టౌనుల్లో ఏ కళాసంఘం చూసినా రెండు ముక్కలయింది, కొన్ని మూడయ్యాయి. ఓటేసి ఓడిపోయినవాళ్ళు మర్నాడే కొత్త బోర్డు రాయించుకునేవాళ్ళు. మాది ఒక్కటిగా ఉండేది. పద్యాలవాళ్ళూ తప్పెటగుళ్ళవాళ్ళూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు.

ఆ చాప పరిచే చోటు ఒక పాత రేకుల షెడ్డు. నేల పురపాలక సంఘానిది. ఎప్పుడో లీజుకిచ్చారు. ఆ గడువు అయిపోవచ్చింది. దాన్ని పడగొట్టి, కింద కొట్లు, పైన హాలుతో కాంప్లెక్సు కడతామని కబురొచ్చింది. సమితి ఒప్పుకుంటూ తీర్మానం చేసిస్తే పై హాలు నెలలో కొన్ని సాయంత్రాలు మాకు వదులుతారు. నెలాఖరులోగా తీర్మానం అందకపోతే లీజు అయిపోయినట్టే, మా దారి మేం చూసుకోవాలి. ఇంత సూటిగా అడిగారు. మాకు ఇంకెక్కడా నీడ లేదు. అది పోతే సమితి పోతుందని చాప మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

ఆ మీటింగు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సాయంత్రం, రేకుల మీద ఎండ వేడి ఇంకా దిగలేదు. కార్యదర్శి కాగితం చదివాడు. ఇతను బీమా ఏజెంటు, చురుకైనవాడు, మాటకారి, పొద్దస్తమానం ఎక్కడికో ఆలస్యమైపోతున్నవాడిలా ఉండేవాడు. చదవడం అయ్యాక పెద్దాయన ఎప్పటిలాగే అడిగాడు.

"ఎవులికైనా కాదా?"

చూపు అందరి మీదుగా వెళ్ళి పద్యాల బావ దగ్గర ఆగింది. హార్మోనియం వాయిస్తూ పద్యం ఎత్తుకుంటే సందు చివరిదాకా వినపడే గొంతు ఆయనది. ఊరందరికీ బావే.

"నాకు కాదు" అన్నాడు బావ.

పెద్దాయన చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. ఇంకో క్షణం ఆగితే మీటింగు చల్లారిపోయేది, రేపటినుంచి బావ అరుగు మీద టీలు మొదలయ్యేవి. నెలాఖరుకు ఇంకా వ్యవధి ఉంది. కానీ కార్యదర్శికి గడువు కంగారు పట్టుకుంది.

"ఎందుకు కాదు బావా? కారణం సెప్పు. కాగితమ్మీద పెడతాను."

"ఒరే, అడక్కు!" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు పెంచగా నేను విన్నది అదొక్కసారే. ఆలస్యమైపోయింది. బావ అప్పటికే లేచి, ఉత్తరీయం సర్దుకుని, వేదిక మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"సెప్తాను, సెప్పకేటి! మేడ మీద హాలట! తప్పెటగుళ్ళోళ్ళు ఒక్కపాలి గెంతినారంటే కింద బట్టల కొట్టోడు ఊరుకుంటాడేటి? మొదటి దినం ఆడు మెట్లెక్కొస్తాడు. రొండో దినం పోలీసుని తెస్తాడు. మూడో దినం గెంతకండి, కూకొని పాడండి అంటారు. కూకొని పాడితే అది తప్పెటగుళ్ళేటి? ఆ ఆటకి నేల గావాల. మేడ మీద కాదు!"

తప్పెటగుళ్ళ జట్టు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. పద్యాలవాళ్ళు తమ ఆట గురించి ఇంత మాట అంటారని వాళ్ళెన్నడూ అనుకోలేదు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. పద్యాల జట్టూ కొట్టింది. మా సమితిలో రెండు జట్లూ కలిసి చప్పట్లు కొట్టడం అదే మొదలు. దాంతోనే మునిగాం. అందరూ ఊగిపోతుంటే పెద్దాయన ఒక్కడే కళ్ళజోడు చేతిలో పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. బావ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అది నూటికి నూరుపాళ్ళు నిజం. అబద్ధమైతే ఎవరైనా దులిపేసేవాళ్ళం.

మర్నాటి నుంచి ఆయన బావ అరుగు మీద కూర్చున్నాడు. టీ తాగాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఈలోగా తప్పెటగుళ్ళ పెద్ద నా దగ్గరికొచ్చి, "మెల్లగా గెంతుకుంటామమ్మా, హాలు ఉండనీండి, బావతో మీరు సెప్పండి" అన్నాడు. చెబుదామని బావ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఆయన కోడలు నన్ను పట్టుకుంది.

"మావయ్యకి ఒప్పుకోవాలనే ఉన్నాది టీచరమ్మా. మనిసి అన్నం సరిగ్గా తినట్నేదు. అంతమంది సప్పట్లు కొట్టీసినారు కదా, ఇప్పుడు ఏ మొకం పెట్టుకోని ఎనక్కి తీసుకుంటానూ అంతన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఎండుచేపల కొట్టుకు వెళ్ళాను. "ఓటు పెట్టేయండి" అన్నాను. "ఒక్క చెయ్యి తప్ప అన్నీ లేస్తాయి. బావ కూడా లోపల సంతోషిస్తాడు. ఆయన్ని గట్టెక్కించినట్టూ ఉంటుంది, షెడ్డు దక్కినట్టూ ఉంటుంది."

ఆయన చేపల మీద ఈగలు తోలాడు.

"లేస్తాయమ్మా. నాకు తెలదా? లేసిన సేతులన్నీ రేపటికి మరిసిపోతాయి. లేవని సెయ్యి ఒకటుంటాది సూడు, అది సచ్చీదాకా మరిసిపోదు. దాని పక్కని నాను ఏ మొకంతో కూసోను?"

"కూర్చోడానికి చోటే లేకపోతే?"

"అదీ నిజమే" అన్నాడు. అని మళ్ళీ ఈగలు తోలుకున్నాడు.

ఆయన మీద అప్పుడు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఆయన మంచితనం నన్ను కట్టిపడేసేది, ఆయన మొండితనం నన్ను దహించేది, రెండూ ఒకటేనని తెలిసి ఇంకా మండేది. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. తీర్మానం వెళ్ళలేదు. షెడ్డుకు తాళం పడింది. హార్మోనియం, చాపలు, టార్పాలిన్ రిక్షాలో వేసుకుని ఆయన కొట్టు వెనక గదిలో పెట్టాం. తర్వాత పడగొట్టారు, కాంప్లెక్సు లేచింది. పైన హాలూ కట్టారు. అందులో ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు కోచింగు చెబుతున్నారు.

కొన్నాళ్ళు కొట్టు వెనక పెరట్లో గోనెపట్టాల మీద మీటింగులు పెట్టాం. వచ్చేవాళ్ళు తగ్గారు. ఆటే లేనప్పుడు ఆట గురించి ఏం మాట్లాడతారు? తప్పెటగుళ్ళ కుర్రాళ్ళు కట్టుబడి పనులకు చెన్నై వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళకు మోకాళ్ళు పట్టేశాయి. బావ పద్యం మానేశాడు. ఆయన కాదన్నందుకే అంతా పోయిందని ఊళ్ళో అందరూ అన్నారు, చప్పట్లు కొట్టినవాళ్ళతో సహా. అనని మనిషి ఒక్కడే. ఆ మనిషి ఇంకా బావ అరుగు మీదికి వెళ్ళి కూర్చునేవాడు. ఒప్పించాల్సింది ఏమీ మిగల్లేదు, ఊరికే.

తర్వాత నేను రిటైరై విజయనగరం వచ్చేశాను. సమితి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు వచ్చేవి, అంతే. ఒకరోజు కార్యదర్శి అందులో పెట్టాడు. పనిచెయ్యని సంఘాన్ని ఇంకా రిజిస్టర్లో ఉంచడం ఎందుకు, రద్దు చేసుకుందాం, అందరి అభిప్రాయం తెలపండి అని. ఒకదాని వెనక ఒకటి బొటనవేలు బొమ్మలు పడ్డాయి. బావ వేలు కూడా పడింది, కోడలి ఫోనులోంచి. పెద్దాయనకు అలాంటి ఫోను లేదు. నేను ఏమీ పెట్టలేదు. పెట్టని దాన్ని లెక్కలో వేసుకునేవాళ్ళు ఇప్పుడెవరున్నారు? అధ్యక్షుడి సంతకం ఒకటి కావాలి, మీరూ రండి టీచరుగారూ, మీ మాటైతే వింటాడు అని కార్యదర్శి ఫోను చేశాడు. వెళ్ళాను. అతను అనుకున్న పనికి కాదు.

పెద్దాయన మంచంలో ఉన్నాడు. పక్షవాతం కాళ్ళను తీసుకెళ్ళిపోయింది. మాట మాత్రం మిగిలింది. నన్ను చూసి లేవబోయి లేవలేక నవ్వాడు. ఆయన కోడలు తలకింద ఇంకో దిండు పెట్టింది. కార్యదర్శి సంగతంతా చెప్పి, "అందరూ ఒప్పుకున్నారండి" అని కాగితం అట్ట మీద పెట్టి, పెన్ను మూత తీసి అందించాడు.

ఆయన పెన్ను పుచ్చుకున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేను ఆగాను. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని ఆగాను. పెన్ను కాగితం మీదికి వెళుతుంటే ఇక ఉండబట్టక నేనే అన్నాను.

"నాకు కాదండీ."

కార్యదర్శి నావైపు చూసి నెత్తి కొట్టుకున్నంత పనిచేశాడు. "ఇప్పుడు కాదంటే ఏటి టీచరుగారూ..." అని మొదలుపెట్టాడు. పెద్దాయన అతని వైపు ఒక్క చూపు చూశాడు.

ఆయన నా మొహం మీద చూపు ఆపాడు. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం కూడా లేదు. షెడ్డు లేదు, ఆట లేదు, మనుషులు లేరు. ఊరికే కాదు, అంతే. ఆయన ఒక్కమాట అంటే ఆగిపోతుంది. ఎన్ని బొటనవేళ్ళు పడ్డా ఆగిపోతుంది. నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"నీకు కాదని నాకు తెలుసమ్మా" అన్నాడు చివరికి. "విజయనగరం వొచ్చి నీ గుమ్మంలో కూసోవాల నాను. ఎన్ని దినాలైనా కూసోవాల. కాళ్ళు నేవు తల్లీ."

సంతకం పెట్టాడు. వంకరగా వచ్చింది. కాగితం కార్యదర్శికిచ్చి, "టీచరమ్మకి టీ ఇయ్యండి" అని కోడలికి చెప్పి, గోడవైపు తిరిగాడు. అన్నేళ్ళూ ఆయన ఒక్కరి 'కాదు'నూ దాటి ముందుకు వెళ్ళలేదు. నాది ఒక్కటే దాటాడు.